ఆవును అమ్ముకోకుండా నిలిపే డబ్బు

దొడ్డబళ్ళాపురం

చి. సౌ. అమ్మణ్ణికి,

నీ జాబు అందింది. కర్ణాటక సర్కారు ఇచ్చే గృహలక్ష్మి డబ్బు ఆగిపోయి, మూడు నెలలది కలిపి 6,000 ఒకేసారి నీ ఖాతాలో పడిందని రాశావు. దానికి ఫైనాన్సులో ఇంకో 50,000 తీసుకుని చింతామణి వైపు నుంచి రెండో ఆవును తోలుకొద్దామని అల్లుడు అంటున్నాడట. ఏం చేయమంటావు పెద్దమ్మా అని అడిగావు కాబట్టి ముందు జవాబు చెప్పి, కారణాలు తర్వాత రాస్తాను. ఇప్పుడు రెండో ఆవు వద్దు. ఉన్న ఆవు ఐదో నెల చూడితో ఉందన్నావు కదా, ఆ 6,000 దానికోసం అట్లే ఉంచు.

అల్లుడిని నేను తప్పు పట్టడం లేదు. చేతిలో నాలుగు డబ్బులు కనబడగానే ఇంకో ఆవును తెద్దామనుకునేవాడు ఇంటి మీద మనసున్నవాడే. అయితే ఆవులు కొనడం మన తాలూకాలో ఎప్పుడూ పెద్ద కష్టం కాలేదు. అప్పు ఇచ్చేవాళ్ళున్నారు, తెచ్చి ఇంటి ముందు కట్టేసి పోయే దళారులున్నారు. కష్టమంతా కొన్న ఆవును నిలుపుకోవడంలోనే. మహిళా పాల సంఘం కార్యదర్శిగా పుస్తకాలు రాసినన్నాళ్ళూ నేను చూసింది ఇదే. ఒక ఇంటి పేరు పక్కన పాల లెక్క రోజురోజుకూ తగ్గి సున్నాకు వస్తుంది. ఆ తర్వాత కొద్ది రోజులకే దళారి బండి ఆ వీధిలో ఆగుతుంది. పాలు మానిన ఆవుకు మేత వేయలేక అమ్మేస్తారు. మళ్ళీ ఏడాదికో రెండేళ్ళకో అప్పు చేసి అంతకంటే ఎక్కువ ధరకు ఇంకోదాన్ని కొంటారు. అమ్మేటప్పుడూ నష్టం, కొనేటప్పుడూ నష్టం. మధ్యలో వడ్డీ.

మీ ఇంటికి వచ్చే డబ్బును ఒకసారి విడదీసి చూద్దాం. నీ ఆవు పూటకు ఐదు లీటర్లు, రోజుకు పది ఇస్తోందన్నావు. డెయిరీ వాళ్ళు కొవ్వు 3.5, ఎస్.ఎన్.ఎఫ్. (కొవ్వు కాని ఘనపదార్థం) 8.5 ఉన్న పాలకు కట్టే ధర ఒకటి ఉంది, కొలత దిగితే ధర దిగుతుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి నందిని పాల ధర లీటరుకు 4 రూపాయలు పెంచి, ఆ పెంపు రైతుకే చేరాలన్నారు. మంచిదే. అయినా ఆ పాల డబ్బు బట్వాడాలో సగానికి పైగా దాణాకూ, బూసాకూ, గడ్డికీ పోతుందని నీకు నేను చెప్పనక్కర్లేదు. రెండోది సర్కారు ఇచ్చే ప్రోత్సాహధనం, లీటరుకు 5 రూపాయలు. 2013లో ఇది 4 ఉండేది, 2016లో 5 అయింది. సంఘంలో పోసిన పాలు క్షీరసిరి అనే కంప్యూటర్ లెక్కలోకి ఎక్కితే డబ్బు నేరుగా సభ్యుల ఖాతాకు వస్తుంది. రోజుకు పది లీటర్లంటే నెలకు 1,500. మూడోది నీ గృహలక్ష్మి, నెలకు 2,000. 2023 ఆగస్టు 30న మైసూరులో మొదలుపెట్టారు, రేషన్ కార్డులో ఇంటి పెద్దగా ఉన్న ఆడమనిషి పేరు మీద వస్తుంది. నాలుగోది మీ మామగారి పొలానికి వచ్చే పీఎం కిసాన్, ఏడాదికి మూడు విడతల్లో 6,000.

వీటిలో మొదటి రెండూ పాలను బట్టి నడుస్తాయి. పాలు తీయడం ఆపిన రోజే బట్వాడా ఆగుతుంది, ప్రోత్సాహధనమూ ఆగుతుంది. ఆవు మాత్రం మేయడం మానదు. ఆదాయం సున్నాకు వచ్చిన ఆ నెలల్లోనే దానికి మంచి మేత కావాలి. ఈనడానికి ముందు రెండు నెలలు పాలు పిండకుండా వదలాలి. పొదుగు కోలుకునేది అప్పుడే. కడుపులో దూడ బరువులో ఎక్కువ భాగం పెరిగేది కూడా ఆఖరి రెండు మూడు నెలల్లోనే. ఆ రోజుల్లో రోజుకు కిలోన్నర, రెండు కిలోల దాణా అదనంగా పడితే ఈనిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు పాలు బాగా ఎక్కుతాయి. పాలివ్వని ఆవుకు దాణా ఎందుకని వట్టి రాగిగడ్డితో సరిపెడితే, ఆ ఈతంతా పాలు తక్కువే. ఈనాక పడిపోయి లేవలేని ఆవులనూ, ఎదకు రాక నెలలు గడిచిపోయే ఆవులనూ నువ్వూ చూసే ఉంటావు. చాలావాటికి వెనక ఈ రెండు నెలల కరువే ఉంటుంది.

రోజుకు రెండు కిలోల లెక్కన 60 రోజులకు 120 కిలోలు, అంటే 50 కిలోల బస్తాలు దాదాపు రెండున్నర. రెండు నెలల గృహలక్ష్మి 4,000 దానికి చాలు. మిగిలితే ఖనిజ లవణ మిశ్రమం తెచ్చి రోజుకు ఒక గుప్పెడు దాణాలో కలుపు. నీ 2,000కు ఆవుతో సంబంధం లేదు. ఆవు పాలిచ్చినా, వట్టిపోయినా, చచ్చినా అది వస్తుంది. పశువులున్న ఇంటికి ఈ డబ్బు చేసే అసలు మేలు అదే అమ్మణ్ణీ. పాలు ఆగిన నెలల్లో ఆవును అమ్మకుండా ఆపుతుంది. నువ్వు ఫైనాన్సు కట్టి తెచ్చే రెండో ఆవు ఈ మేలును పూర్తిగా తినేస్తుంది. ఎందుకంటే వచ్చే 2,000 అప్పటినుంచి కంతుకే పోతుంది. రెండు ఆవులూ ఒకేసారి వట్టిపోతే రెండూ పోతాయి.

ఊరికే వచ్చే డబ్బు మనుషులను సోమరులను చేస్తుందని మీ ఊరి కట్ట మీద అనుకుంటున్నారని రాశావు. ఆ మాట ఇక్కడా వింటున్నాను. తెల్లారకముందు లేచి కొట్టం ఊడ్చి, పాలు పిండి, డెయిరీకి నడిచి, వచ్చి వంట చేసి, గడ్డి కోయడానికి పోయే ఆడదాన్ని చూసి సోమరితనం మాట ఎట్లా వస్తుందో నాకు అర్థం కాదు. సరే, దీన్ని పరీక్షించి చూసినవాళ్ళున్నారు. 2011, 2012 ప్రాంతంలో మధ్యప్రదేశ్‌లో ఇండోర్ చుట్టుపక్కల పల్లెల్లో సేవా అనే మహిళల సంఘం, యూనిసెఫ్ సాయంతో ఏ షరతూ లేకుండా ప్రతి మనిషికీ నెలనెలా డబ్బు ఇచ్చింది. మొదట పెద్దవాళ్ళకు 200, పిల్లలకు 100. తర్వాత 300, 150. హైదరాబాదులో ఉండే సామాజిక శాస్త్రవేత్త శరత్ దావల ఆ అధ్యయనంలో ముఖ్యుడు, తోటివాళ్ళతో కలిసి దాని మీద పుస్తకం రాశాడు. ఇంతచేసి అది చిన్న మొత్తమే. అయినా ఆ పల్లెల్లో పశువులు పెరిగాయి. కూలికి పోయేవాళ్ళలో కొందరు సొంత చేలో ఎక్కువ పని చేశారు. డబ్బు వచ్చిన ఇళ్ళలో తాగుడు పెరగలేదు. వడ్డీ వ్యాపారి దగ్గరికి పోవడం తగ్గింది. ఆదివాసీ పల్లెలో ఈ మార్పు ఇంకా బాగా కనబడింది.

దూరాన కెన్యా దేశంలో, ఉత్తరాన తుర్కానా, మార్సబిట్, వజీర్, మండేరా అనే కరువు సీమల్లో ఒంటెలూ మేకలూ గొర్రెలే బతుకుగా ఉన్నవాళ్ళున్నారు. వాళ్ళకు కరువొస్తే మేకలు అమ్ముకోవడమే దారి. అందరూ ఒకేసారి అమ్ముతారు కాబట్టి ధర నేలకు దిగుతుంది. అక్కడి సర్కారూ, బయటి దేశాలూ కలిసి రెండేసి నెలలకు ఒకసారి కుటుంబాలకు డబ్బు ఇచ్చే పథకం పెట్టాయి. దాన్ని పరిశీలించినవాళ్ళకు, డబ్బు అందుకున్న ఇళ్ళలో పశువులు ఉంచుకున్నవాళ్ళు ఎక్కువగా కనిపించారు. మన దొడ్డబళ్ళాపురం, వాళ్ళ తుర్కానా ఎక్కడెక్కడివో. పశువున్న ఇంటి లెక్క మాత్రం ఒకటే: తిండికి కొంచెం డబ్బు వేరేగా ఉంటే పశువును ఎప్పుడు అమ్మాలో నువ్వు నిర్ణయిస్తావు. లేకపోతే దళారి నిర్ణయిస్తాడు.

డబ్బు బదులు పశువులే ఇస్తే బాగుండేది కదా అని కొందరంటారు. తెలంగాణలో 2017లో గొల్ల కురుమలకు ఇంటికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చారు. ధరలో 75 శాతం సర్కారుది, మిగతాది వాళ్ళది. ఆశయం గొప్పదే. చాలామంది గొల్లవాళ్ళకు దానివల్ల మంద పెరిగింది కూడా. అయితే గొర్రెలు ఎక్కడినుంచి రావాలి, ఏ బండిలో రావాలి అనేది పెంచేవాడి చేతిలో లేకపోవడంతో మధ్యవాళ్ళు చొరబడ్డారు. లెక్కల్లో అక్రమాలను కాగ్ ఎత్తిచూపింది, ఏసీబీ కేసులూ నడిచాయి. కొత్త ఊరి నీటికీ మేతకూ అలవాటు పడని మందలు జబ్బున పడ్డాయని అక్కడివాళ్ళే చెప్పుకున్నారు. తన కొట్టానికి ఏ పశువు సరిపోతుందో, ఎప్పుడు తేవాలో పెంచేవాళ్ళకే బాగా తెలుసని నేను గట్టిగా నమ్ముతాను. నీ ఖాతాలో పడే డబ్బు ఆ నిర్ణయాన్ని నీకే వదులుతోంది. దాన్ని ఫైనాన్సు ఏజెంటుకు అప్పజెప్పకు.

ఇంకో మాట. ఈ డబ్బును నమ్ముకో, కానీ తారీఖును నమ్ముకోవద్దు. నీకు మూడు నెలలది ఒకేసారి పడిందంటేనే అర్థం, రెండు నెలలు పడలేదు. ప్రోత్సాహధనం కూడా నెలల తరబడి బాకీ పడుతుందని పాలుపోసే ప్రతి ఇంటికీ తెలుసు. అన్నభాగ్య పథకంలో ఐదు కిలోల బియ్యానికి బదులు తలకు 170 రూపాయలు 2023 జులై నుంచి వచ్చేవి. 2025 ఫిబ్రవరిలో ఆ డబ్బు ఆపి మళ్ళీ బియ్యానికే మారారు. పీఎం కిసాన్‌కు మన రాష్ట్రం పైన కలిపి ఇచ్చిన 4,000 కూడా ఆగిపోయింది. సర్కారు మారినా, మనసు మారినా, ఖజానా తగ్గినా ఈ డబ్బు మారవచ్చు. అందుకే ప్రతి నెలా ఫలానా రోజున కట్టాలనే కంతుకు దీన్ని ముడివేయవద్దు. ఫైనాన్సువాళ్ళు కంతుకు ఒక్కరోజు ఆగరు. ఇంటి ముందుకొచ్చి పరువు తీస్తున్నారని గోల పెరిగితేనే కదా 2025 ఫిబ్రవరిలో సర్కారు చిన్న అప్పుల మీద ఆర్డినెన్సు తెచ్చింది.

అప్పు అసలు వద్దని నేను అనను. కావాలంటే పశువులకు కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది. పొలానికే కాకుండా పాడికీ అది వర్తిస్తుంది. అప్పు సకాలంలో తీరిస్తే వడ్డీ 4 శాతానికి దిగుతుంది. ఫైనాన్సు వడ్డీతో పోల్చి చూడు. తాకట్టు లేకుండా 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు చెప్పింది. బ్యాంకులో తిప్పుతారు, తెలుసు. సంఘం కార్యదర్శి దగ్గర నీ పాల లెక్కల కాగితం తీసుకుని పో. బస్సు నీకు ఉచితమే, ఒకటికి రెండుసార్లు పోవడానికి వెనకాడకు.

2022లో పశువులకు లంపీ చర్మరోగం వచ్చిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. ఒళ్ళంతా గడ్డలు లేచి, కాళ్ళు వాచి, ముక్కు కారుతూ ఆవులు నిలబడే ఉండేవి. పడుకుంటే లేవలేవు. సంతలూ పశువుల జాతరలూ ఆపేశారు కాబట్టి అమ్మాలన్నా దారి లేదు. చచ్చిన ఆవుకు 20,000, ఎద్దుకు 30,000, దూడకు 5,000 పరిహారం ఇచ్చారు. ఆ 20,000 రాకపోతే పాడి పూర్తిగా మానేసే ఇళ్ళు ఉండేవి. కానీ మంచి హెచ్.ఎఫ్. ఆవు ధర దానికి మూడు నాలుగింతలు. మిగతా మొత్తం అప్పే. పైగా ఆ పరిహారం చచ్చాక వస్తుంది. జబ్బుతో ఉన్నప్పుడు సూది మందుకూ, సెలైనుకూ, రోజూ డాక్టరు రావడానికీ కావలసిన రెండు మూడు వేలు ఎవరూ ముందుగా ఇవ్వరు. ఆ డబ్బు చేతిలో ఉన్న ఇళ్ళలో కొన్ని ఆవులు బతికాయి. గృహలక్ష్మి అప్పటికి లేదు. ఉండి ఉంటే ఇంకెన్ని నిలిచేవో అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

అందుకే బీమా మాట కూడా చెబుతున్నాను. 2024లో నిబంధన మార్చారు. ప్రీమియంలో రైతు 15 శాతం కడితే చాలు, మిగతాది సర్కారుది. ఆవు చెవికి 12 అంకెల పోగు ఉండాలి. అది ఊడిపోతే వెంటనే మళ్ళీ వేయించు, పోగు లేకపోతే బీమా డబ్బు రాదు. పశువైద్యశాలలో గాలికుంటు టీకా, లంపీ టీకా ఉచితంగా వేస్తారు. వేసిన తేదీ ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టుకో. దూడకు నట్టల మందు మరవకు. ఈ ఈత పెయ్యదూడ పుడితే అదే నీ రెండో ఆవు. రెండున్నర, మూడేళ్ళు పడుతుంది నిజమే. నీ కొట్టంలో పుట్టి నీ నీళ్ళకూ గడ్డికీ అలవాటు పడిన పెయ్య, చింతామణి నుంచి అప్పుతో వచ్చే ఆవుకంటే బాగా నిలుస్తుంది.

ఇక ఇంటి లోపలి సంగతి. నీ మొదటి 2,000 పడినప్పుడు మీ అత్తమ్మ కాస్త ముభావంగా ఉందన్నావు. కార్డులో ఇంటి పెద్దగా నీ పేరు ఎక్కడం ఆమెకు కొత్త. దానికి నువ్వు మాటతో కాకుండా పనితో జవాబు చెప్పు. ఆమె బీపీ మాత్రలకు ఆ డబ్బులోంచి ముందు ఇవ్వు. చూడి ఆవు దాణాకు ఇంత, అత్తమ్మ మందులకు ఇంత, పిల్లవాడి బడికి ఇంత అని ఆమె ముందే లెక్క రాయి. ఆమె నీ కంటే ఎక్కువ ఆవులను చూసింది, సలహా అడిగితే నీ పక్కన నిలబడుతుంది. అల్లుడికి కూడా లెక్క చూపించు. కానీ ఏటీఎం కార్డు, పిన్ను నీ దగ్గరే ఉండాలి. ఇది ఎవరినీ అనుమానించి చెప్పే మాట కాదు. ఆడదాని ఖాతాలో పడిన డబ్బు ఆమె చేతిమీదుగా ఖర్చయినప్పుడే ఇంట్లో ఆమె మాటకు బరువు వస్తుంది. మన సంఘంలో ఎన్నో ఇళ్ళలో నేను దీన్ని కళ్ళారా చూశాను. అంతకుముందు ఆవు పేరు చెప్పి మగవాళ్ళను అడగాల్సిన ఆడవాళ్ళు, తమ చేతిలో డబ్బున్నాక డాక్టరుకు తామే ఫోను చేయడం మొదలుపెట్టారు. జ్వరం వచ్చిన పూటే డాక్టరు వస్తే ఆవు బతుకుతుంది, మగవాడు సాయంత్రం వచ్చేదాకా ఆగితే కొన్నిసార్లు బతకదు.

ఒక్క విషయం మాత్రం నిన్ను గట్టిగా అడుగుతున్నాను. పాలు పిండేది నువ్వు, పోసేది నువ్వు. సంఘంలో సభ్యత్వం మాత్రం మీ మామగారి పేరు మీద ఉంది. బట్వాడా, ప్రోత్సాహధనం రెండూ ఆయన ఖాతాకే పోతాయి. ఆయనను నొప్పించకుండా నీ పేరు మీద సభ్యత్వానికి అర్జీ పెట్టు. వాటాధనం తక్కువే. ఆధార్, పాస్‌బుక్ నకలు, ఫోటోలు చాలు. బ్యాంకులో ఆధార్ నీ ఖాతాకే ముడిపడి ఉందో లేదో ముందు చూసుకో, పాత ఖాతాకు ముడి ఉంటే డబ్బు అక్కడికి పోతుంది. ఖాతా మీద పాత అప్పేదైనా ఉంటే బ్యాంకు ఈ డబ్బులోంచి కోసుకునే వీలుంది కాబట్టి, దీనికి అప్పు లేని ఖాతానే వాడు. గృహలక్ష్మి రేపు ఆగినా సభ్యత్వం ఆగదు. సభ్యురాలివైతే సర్వసభ్య సమావేశంలో ధర గురించీ, బాకీ పడ్డ ప్రోత్సాహధనం గురించీ లేచి అడిగే హక్కు నీదవుతుంది. మన ఆడవాళ్ళు అడగడం మొదలుపెడితే బాకీలు త్వరగా తీరుతాయని నాకు నమ్మకం.

ఘాటి సుబ్రహ్మణ్య పశువుల జాతరకు మీ ఇంట్లో అందరూ పోతారు కదా. అల్లుడు హళ్ళికార్ ఎద్దుల జతలను చూసి మురిసిపోతాడు, మురవనీ. కొనే మాట వస్తే ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించు. పెద్దమ్మ నా మీద కోపంగా ఉందా అని అడిగితే లేదని చెప్పు. ఆవు ఈనాక, పాలు బట్వాడాకు ఎక్కాక, నోటు పుస్తకంలో రెండు వేలో మూడు వేలో మిగులు కనిపిస్తే, అప్పుడు రెండో ఆవు సంగతి ఆయనే నాతో మాట్లాడనీ. అందాకా 6,000 ఖాతాలోనే ఉండాలి.

సోమవారం సంఘానికి పోయి సభ్యత్వం అర్జీ ఇచ్చి, ఇచ్చినట్టు నాకు రాయి.

ఇట్లు,
నీ పెద్దమ్మ